మూడు పాయింట్ల ఆధిక్యం, ఏడు సెకన్లు, అయినా ఫౌల్ చేయలేదు!

పొద్దున్న అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది. ముందున్న జట్టు చేతులు పైకెత్తి నిలబడింది. అవతలివాళ్ళ త్రీ (మూడు పాయింట్ల షాట్) పడింది, స్కోరు సమం, ఓవర్‌టైమ్. కావాలనే ఫౌల్ చేసి ఉంటే వాళ్ళకి రెండు ఫ్రీ త్రోలే, అంటే మహా అయితే రెండు పాయింట్లే దక్కేవి.

మగవాళ్ళ కాలేజీ ఆటలో టైమ్‌అవుట్ తీసుకున్నా బంతి ముందుకి జరగదు. కోర్టంతా డ్రిబుల్ చేసుకుంటూ రావాల్సిందే. బంతి ఉన్నవాడు సగం గీత దాటుతున్నప్పుడు, బంతి ఇంకా నేల మీద కొడుతున్నప్పుడే ఫౌల్ చేయాలి. అదీ ఆరేడు సెకన్ల లోపు ఉంటేనే. ముందే చేస్తే ఫ్రీ త్రోల పోటీ మొదలవుతుంది, ఆలస్యమైతే షాట్‌లో ఫౌల్, మూడు ఫ్రీ త్రోలు.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో కథ వేరు. చివరి రెండు నిమిషాల్లో టైమ్‌అవుట్ తీసుకుంటే బంతి నేరుగా ముందు కోర్టులోకి వస్తుంది. అందుకోగానే షూట్ చేసే స్టెఫ్ కర్రీ లాంటి త్రీల మొనగాడి మీద చెయ్యి వేయడమంటే జూదమే. అక్కడ ఫౌల్ చేయని కోచ్‌ని నేను తిట్టను.

2008 కాలేజీ ఫైనల్, మెంఫిస్, కాన్సస్ జట్ల మ్యాచ్ గుర్తుందా? మెంఫిస్ రెండు నిమిషాల పైచిలుకు ఉండగా తొమ్మిది పాయింట్ల ముందుంది. ఫ్రీ త్రోలు వదిలేసింది. చివర్లో ఫౌల్ విజిల్ పడలేదు, 2.1 సెకన్లు ఉండగా కాన్సస్ ఆటగాడు చామర్స్ త్రీ కొట్టి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో కాన్సస్ 75-68తో గెలిచింది.

అన్నట్టు, ఫౌల్ చేసేటప్పుడు జెర్సీ లాగొద్దు. బంతి మీదకి వెళ్ళినట్టే కనిపించాలి, లేకపోతే కాలేజీ ఆటలో రిఫరీ ఫ్లాగ్రెంట్ 1 (మామూలు ఫౌల్ కన్నా పెద్దది) ఇస్తాడు: రెండు ఫ్రీ త్రోలు, బంతీ వాళ్ళకే.