పార్ట్ సి కోసం నేను పట్టుకున్న యమాజీ కోణాలు

సీఎస్ఐఆర్ నెట్ ఫిజిక్స్ రాస్తున్న మిత్రులకు. మొదటిసారి నేను ఘన, ద్రవ పదార్థాల ఫిజిక్స్ అయిన కండెన్స్‌డ్ మ్యాటర్‌ని చివరి వారానికి వదిలేశాను. మాగ్నెటోరెసిస్టెన్స్ అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని బట్టి నిరోధం పెరగడం అని బట్టీ పట్టాను. క్షేత్రం దిశ మారిస్తే ఏమవుతుందని ఒక్కసారీ అనుకోలేదు. ఒక్కో ప్రశ్నకు 5 మార్కులుండే పార్ట్ సిలో ఆ బట్టీ అక్కరకు రాలేదు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) పోయింది.

రెండోసారి ఒకే విషయం పట్టుకుని కూర్చున్నాను: యమాజీ కోణాలు, అంటే క్షేత్రాన్ని వంచుతూ పోతే నిరోధం శిఖరానికి చేరే కోణాలు. బీఈడీటీ-టీటీఎఫ్ అనే సేంద్రియ అణువుల లవణాలు పూతరేకుల్లా పొరలు పొరలుగా ఉంటాయి. పొరలో కరెంటు తేలిగ్గా పారుతుంది, పొర నుంచి పొరకు కష్టంగా దూకుతుంది. అందుకే వాటి ఫెర్మీ తలం (తరంగ సంఖ్యల లెక్కలో, ఎలక్ట్రాన్లు నిండిన స్థితులకూ ఖాళీ స్థితులకూ మధ్య సరిహద్దు) దాదాపు స్తంభంలా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాకైతే గింజల దగ్గర ఉబ్బిన ములక్కాయ గుర్తొచ్చింది. క్షేత్రాన్ని వంచితే, ఎలక్ట్రాన్ ఆ ములక్కాయను ఏటవాలుగా కోసిన అంచు వెంట తిరుగుతుంది. కొన్ని కోణాల్లో ఎక్కడ కోసినా ముక్క వైశాల్యం దాదాపు ఒకటే. అప్పుడు పొరలకు అడ్డంగా ఎలక్ట్రాన్ సగటు వేగం సున్నా అవుతుంది, నిరోధం శిఖరానికి చేరుతుంది. 1989లో భౌతిక శాస్త్రవేత్త యమాజీ చెప్పిన వివరణ ఇదే.

ఆ సగటు మీరే వేసి చూడండి. సున్నా ఆర్డర్ బెస్సెల్ ఫంక్షన్ వస్తుంది! మ్యాథమెటికల్ ఫిజిక్స్‌లో విడిగా చదివిన 2.405, అంటే ఆ ఫంక్షన్ మొదటిసారి సున్నా అయ్యే చోటు, ఇక్కడ ఎదురైనప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఫెర్మీ తరంగ సంఖ్య (ఆ స్తంభం వ్యాసార్థం), పొరల మధ్య దూరం, ట్యాన్ థీటా (థీటా అంటే క్షేత్రం వంపు కోణం), ఈ మూడింటి లబ్ధం π×(ఎన్ − 1/4) కావాలన్నది యమాజీ షరతు; ఎన్ అంటే 1, 2, 3 లాంటి పూర్ణాంకం. ఎన్ = 1 పెడితే 2.356 వస్తుంది, ఎంత దగ్గరో చూశారా? ఒక జాగ్రత్త: థీటాను పొరల నుంచి కాదు, పొరలకు గీసిన లంబం నుంచి కొలవాలి. నేను రెండు రోజులు ఇక్కడే పోగొట్టుకున్నాను.

షుబ్నికోవ్–డి హాస్ డోలనాలతో దీన్ని కలపకండి. అవి క్షేత్రం బలాన్ని మారిస్తే నిరోధంలో కనిపించే హెచ్చుతగ్గులు. యమాజీ శిఖరాలు బలం మార్చినా అదే కోణంలో ఉంటాయి. వాటి ట్యాన్ విలువల మధ్య ఎడం నుంచి ఫెర్మీ తరంగ సంఖ్యను లెక్కకట్టవచ్చు. అయితే చెదిరిపోయేలోపు ఎలక్ట్రాన్ చుట్టు తిరగాలి, అందుకే శుద్ధమైన స్ఫటికం, కొద్ది కెల్విన్ల చలి కావాలి.

క్షేత్రం పొరలకు సరిగ్గా సమాంతరమైనప్పుడు, 90 డిగ్రీల దగ్గర, ఇంకో సన్నని శిఖరం వస్తుంది. ఈ వారం దాని మీదే ఉన్నాను.