మంచు గట్టు దిగమన్న ఆవిడ

"కిందికి దిగు. నువ్వు ఇక్కడే ఉంటే నేను రేడియోలో చెప్తా, స్టేజ్ ఆపేస్తారు."

అంతే అన్నదావిడ, కార్ల ర్యాలీ దారిలో జనాన్ని కాచే మనిషి. గొంతు పెంచలేదు, చెయ్యి విసరలేదు. వయసు అరవై దాటి ఉంటుంది, ఆరెంజ్ జాకెట్, మెళ్ళో ఈల, కనుబొమ్మల మీద మంచు. నేను స్వీడన్ వచ్చి నాలుగేళ్ళయింది, నలుగురి ముందు నన్నొకరు మందలించడం ఇక్కడ అదే మొదటిసారి, ర్యాలీ అయిపోయి మూడు వారాలైనా ఆ మాట చెవిలోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా.

నేను పనిచేసేది ఉమెయోలో, స్టాక్‌హోమ్ నుంచి ఇంకా 600 కిలోమీటర్లు పైకి రావాలి. వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో మొత్తం మంచు మీదే జరిగేది స్వీడన్ ర్యాలీ. ఇంతకుముందు ఇంకా కింద వెర్మ్‌లాండ్ అడవుల్లో పెట్టేవాళ్ళు, అక్కడ మంచు సరిగ్గా పడక 2020లో చాలా స్టేజ్‌లు, అంటే కార్లు టైం మీద పరిగెత్తే రోడ్డు ముక్కలు, రద్దు చేయాల్సొచ్చింది, 2022 నుంచి మా ఊరికి మార్చారు. 2025 ఫిబ్రవరిలో, మా ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను రమ్మంటే వెన్నెస్ వైపు అడవిలోకి వెళ్ళాం. తెల్లారకముందే బయల్దేరి, కారు రోడ్డు పక్కన పెట్టి, మైనస్ 12లో రెండు కిలోమీటర్లు నడిచాం. అక్కడ అప్పటికే జనం మంటలేసుకుని, రెయిన్‌డీర్ తోళ్ళు పరుచుకుని, సాసేజ్‌లు కాల్చుకుంటున్నారు. చిన్నపిల్లల్ని స్లెడ్జిల మీద లాక్కొచ్చారు. చూడగానే మా తిరునాళ్ళే గుర్తొచ్చింది, మైకు ఒక్కటే తక్కువ.

మా నాన్నకి వీడియో పంపాలని నా ఆత్రం. మాది ఒంగోలు వైపు, నాన్న బండలాగుడు పోటీల్లో, పళ్ళని బట్టి వయసు లెక్కేసే ఆరు పళ్ళ విభాగంలో గిత్తల్ని దించిన మనిషి, పోటీ అంటే ఆయనకి ప్రాణం. మంట దగ్గర నుంచి సరిగ్గా కనపడట్లేదని వంపు అవతలికి వెళ్ళి, బయటివైపు మంచు గట్టు మీదికెక్కి ఫోన్ పట్టుకుని నిలబడ్డా. అప్పుడే ఈల వినిపించింది, ఆవిడొచ్చింది.

నేను చెప్పబోయాను, ఇప్పుడే దిగుతా, ఒక్క కారు చూసి దిగుతా, అటుపక్క ఇంకెవరో కూడా ఉన్నారు కదా అని. ఆవిడ వినలేదు, వినకూడదనీ కాదు, నేను చెప్పేదానితో ఆవిడకి పనిలేదు, అంతే. చెయ్యి కిందికి చూపించింది. దిగబోయి తొడల దాకా మంచులో కూరుకుపోయా, బూట్లలోకి మంచు పోయింది, చుట్టూ ఉన్నవాళ్ళు చూసి వెంటనే తలలు తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడం ఇంకా కష్టంగా అనిపించింది నాకు. మన దగ్గరైతే ఒకడు నవ్వేవాడు, ఒకడు చెయ్యందించేవాడు, ఒకడు ఆవిడతో "పోనీలే అమ్మా, తెలీక ఎక్కాడు" అనేవాడు.

మంట దగ్గరికొచ్చి కూర్చున్నాక నాకు కోపమే వచ్చింది, నిజం చెప్తున్నా. బండలాగుడు పోటీల్లో తాడు కడతారు, కమిటీ వాళ్ళు కర్రలు పట్టుకుని వెనక్కి నెడతారు, జత పరుగందుకోగానే మళ్ళీ ముందుకెళ్తాం, మైకులో బాబూ జరగండి, అయ్యా జరగండి అని బతిమాలుతూనే ఉంటారు, ఆ నెట్టడంలో కూడా ఒక చనువుంటుంది, నెట్టినవాడే తర్వాత మజ్జిగ గ్లాసు తెచ్చిస్తాడు. ఇక్కడ ఒక్క మాట, అదీ "దూ" అని. స్వీడిష్‌లో అందరూ అందరికీ దూ నే, నేను కూడా మా మేనేజర్‌ని దూ అంటాను, ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నొప్పి అనిపించలేదు. ఆ రోజు మాత్రం అది తెలుగులో నువ్వు లాగే వినిపించింది. తిరిగి నేను ఆవిడని అమ్మా అనడానికి కూడా ఈ భాషలో దారి లేదు, అలా అనగలిగితే నేనే ముందు తగ్గి ఉండేవాణ్ణేమో.

మాతో వచ్చినతను అప్పుడు గట్టు సంగతి చెప్పాడు. ఆ గట్టు డ్రైవర్‌కి గోడ లాంటిది, వంపులో కారు వెనకభాగం దానికి ఆనించి తిప్పుతారు, గట్టిగా ఉంటే కాస్తుంది, మెత్తబడితే కారుని లోపలికి లాగేసుకుంటుంది. ఒక్కో టైరుకి 384 స్టడ్స్, అంటే ఇనప మేకులు, మంచులో కొరుక్కుంటూ నూరు దాటిన స్పీడ్‌తో వస్తాయి, మనిషి కనపడ్డాక బ్రేక్ కొట్టినా లాభం లేదు. స్టేజ్ ఆగితే పరిగెత్తలేకపోయిన వాళ్ళకి ఒక లెక్క కట్టి టైం ఇస్తారు. ఈసారి ఎల్ఫిన్ ఎవాన్స్ గెలిచింది రెండో డ్రైవర్ కట్సుతా మీద 3.8 సెకన్లతో, నాలుగు రోజుల పోటీలో అంత తేడా. నా మూలంగా ఒక స్టేజ్ పోయి ఉంటే అన్న ఆలోచన ఫలితం చూసిన ఆదివారం రాత్రి వచ్చింది, నిద్ర పట్టలేదు.

కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు రెండు రౌండ్లలోనూ ఆ వంపులో ఒక్క కారు కూడా గట్టుని తాకలేదు. నేను చూస్తూనే ఉన్నా, ప్రతి కారుకీ చూశా. ఆవిడ కూడా చూసింది, ప్రతి కారు ముందూ ఈల వేసింది, మధ్యలో గంటలు గంటలు ఖాళీ ఉన్నా అక్కడి నుంచి ఎక్కువసేపు కదల్లేదు. వీళ్ళకి జీతం లేదట, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే వచ్చి నిలబడతారట.

మొదటి రౌండ్ అయ్యాక మంట దగ్గరికొచ్చి కాఫీ పోసుకుంది. నా బూట్ల వైపు చూసింది. బ్యాగులోంచి బూడిద రంగు ఉన్ని మేజోళ్ళు, చేత్తో అల్లినవి, తీసి నా ఒళ్ళో పెట్టి "తడివి విప్పెయ్, వేళ్ళు పోతాయి" అంది. అప్పుడూ అదే గొంతు. గట్టు మీద నుంచి దిగమన్నప్పుడు ఎలా అందో సరిగ్గా అలాగే. పేరు అడగలేదు, ఏ దేశం అని అడగలేదు, ఇందాక అలా అన్నందుకు ఏమనుకోకు అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయింది.

మూడు వారాలుగా నేను దీని చుట్టూనే తిరుగుతున్నా. మన దగ్గర తిట్టినవాళ్ళు ప్రేమ చూపించేటప్పుడు గొంతు మారుతుంది, ఆ మార్పు కోసమే మనం ఎదురుచూస్తాం, అమ్మ తిట్టి అన్నం కలిపి పెట్టినప్పుడు లాగా. ఆవిడలో మారడానికి ఏమీ లేదు. కోపమే లేనప్పుడు తగ్గేదేముంది. దీన్ని మెచ్చుకోవాలని నా బుర్రకి తెలుసు, మనసు మాత్రం ఆ ఒక్క మెత్తని మాట ఇంకా అడుగుతూనే ఉంది.

మేజోళ్ళు ఉతికి ఆరేసి మడతపెట్టా. తిరిగిచ్చేద్దామంటే, ఇచ్చేసింది కదా, ఇక నీవే అన్నాడు మావాడు. ఫోన్‌లో చెప్తే అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పక్కింటివాళ్ళ గిన్నె ఎప్పుడన్నా ఖాళీగా ఇచ్చామా, అంత చలిలో కాళ్ళకి తొడుక్కోమని ఇచ్చిన మనిషికి ఖాళీ చేతులతో ఇస్తావా" అంది. పార్సెల్ నిన్న వచ్చింది, సున్నుండలు. ఆవిడ పేరు తెలీదు, ఊరు మాత్రం తెలుసు, నలభై ఇళ్ళు కూడా ఉండవట, ఈల ఆవిడ అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారని మావాడు అంటున్నాడు. శనివారం వెళ్తున్నాం.