గారీ షాండ్లింగ్: రాత నుంచి వేదికకు, వేదిక నుంచి మళ్ళీ రాతకు

అమెరికన్ హాస్య రచయితల్లో నేను ఎక్కువ శ్రద్ధగా గమనించిన వ్యక్తి గారీ షాండ్లింగ్. టెలివిజన్‌కు రాయడంతో మొదలుపెట్టి, ఆ పని వదిలిపెట్టి ఒంటరిగా మైకు ముందు నిలబడి, అక్కడ నేర్చుకున్నదాన్ని వెంటబెట్టుకొని మళ్ళీ టెలివిజన్ రచనకే వచ్చిన మనిషి ఆయన. ఆ రెండో రాకలోనే ఆయన గొప్పతనమంతా ఉందని నా నమ్మకం.

1949లో షికాగోలో పుట్టి, అరిజోనాలోని టూసాన్‌లో పెరిగారు. పదేళ్ళ వయసులో అన్న బ్యారీని పోగొట్టుకున్నారు. విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతూ మధ్యలో మార్కెటింగ్‌కు మారిన ఆ రోజుల్లోనే, తాను రాసిన జోకుల కాగితాలు పట్టుకొని, ఫీనిక్స్‌లో ప్రదర్శన ఇస్తున్న హాస్య కళాకారుడు జార్జ్ కార్లిన్‌ను వెతుక్కుంటూ వెళ్ళారు. మర్నాడు రమ్మని పంపిన కార్లిన్ ఆ కాగితాలన్నీ చదివి, ప్రతి పేజీలోనూ నవ్వించేది ఏదో ఒకటి ఉందని చెప్పి ప్రోత్సహించారు. అప్పటికే పేరున్న కళాకారుడు ముక్కూ మొహం తెలియని కుర్రవాడి రాతలను కూర్చొని చదవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

లాస్ ఏంజెలెస్ చేరాక 'శాన్‌ఫర్డ్ అండ్ సన్', 'వెల్‌కమ్ బ్యాక్, కాటర్' వంటి ధారావాహికలకు స్క్రిప్టులు రాశారు. ఒక కథాచర్చలో, ఫలానా పాత్ర ఇలా మాట్లాడదని నిర్మాత ఒకరు అభ్యంతరం చెప్పినప్పుడు, ఈ పని ఇక తనవల్ల కాదని ఆయనకు తెలిసిపోయింది. 1977లో చావు అంచుదాకా తీసుకెళ్ళిన కారు ప్రమాదం తర్వాత, మైకు ముందు ఒంటరిగా నిలబడి నవ్వించే స్టాండప్ వైపు మళ్ళారు. 1981లో జానీ కార్సన్ నడిపే రాత్రిపూట టాక్ షో 'టునైట్ షో'లో తొలిసారి కనిపించి, కొన్నేళ్ళలోనే కార్సన్ సెలవుపెట్టిన రాత్రుల్లో ఆ కుర్చీలో కూర్చొనే స్థాయికి ఎదిగారు.

వేదిక మీద ప్రేక్షకులతో ముఖాముఖి మాట్లాడే ఆ అలవాటునే 1986లో షోటైమ్ అనే కేబుల్ చానల్‌లో మొదలైన 'ఇట్స్ గారీ షాండ్లింగ్స్ షో'లోకి తీసుకువచ్చారు. అందులో ఆయన తన పేరుతోనే నటించారు. సెట్టు తన సొంత ఇంటి నమూనా. తాము టీవీ కార్యక్రమంలో ఉన్నామని పాత్రలన్నిటికీ తెలుసు. గారీ ఫోన్ చేసి పాట రాయమన్నాడని ప్రారంభ గీతమే చెబుతుంది. ఒక ఎపిసోడ్‌లో బేస్‌బాల్ ఆటకు వెళుతూ, తాను లేనప్పుడు ఇల్లు వాడుకోమని స్టూడియోలోని ప్రేక్షకులకు చెబుతారు.

అయినా నా దృష్టిలో ఆయన అసలైన సాధన 1992 నుంచి 1998 వరకు హెచ్‌బీఓ కేబుల్ చానల్‌లో వచ్చిన 'ది ల్యారీ శాండర్స్ షో'. ల్యారీ ఒక రాత్రిపూట టాక్ షో వ్యాఖ్యాత. తెర ముందు జరిగే టాక్ షోను వీడియోటేపు మీద, తెర వెనుక బతుకును ఫిల్మ్ మీద తీశారు. వీడియోలో ప్రేక్షకులు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. ఫిల్మ్ మొదలవగానే ఆ నవ్వులు ఆగిపోతాయి, రికార్డు చేసిన నవ్వులు కూడా ఉండవు. ఎక్కడ నవ్వాలో చెప్పే దిక్కు లేక, ల్యారీ అహంకారాన్నీ భయాన్నీ మనమే ఎదుర్కోవలసి వస్తుంది. పడుకొనే ముందు మంచం మీద తన కార్యక్రమాన్ని తానే చూసుకుంటూ ఎలా కనిపిస్తున్నానోనని బెంగపడే ఆ మనిషిలో జోకు అనదగ్గ వాక్యం ఒక్కటి లేకున్నా నవ్వు వస్తుంది, ఆ వెంటనే జాలి కలుగుతుంది. తెర వెనుక ల్యారీని కాచుకొనే నిర్మాత ఆర్టీగా రిప్ టార్న్, పక్కన కూర్చొని గుర్తింపు కోసం అలమటించే హ్యాంక్‌గా జెఫ్రీ టాంబర్ చేసిన నటన ఆ రచన లోతును నిలబెట్టింది.

ఈ కాలంలోనే, ఎన్‌బీసీ చానల్‌లో రాత్రిపూట టాక్ షో నడిపే డేవిడ్ లెటర్‌మన్ ఆ చానల్‌ను వదిలినప్పుడు, ఆ కార్యక్రమాన్ని నడిపే అవకాశం నిజంగానే షాండ్లింగ్‌కు వచ్చింది. ఆయన వద్దన్నారు. వ్యాఖ్యాతగా ఉండడంకన్నా, వ్యాఖ్యాత అనే మనిషి లోపల ఏముందో రాయడమే ఆయనకు ముఖ్యమైందని నాకు అనిపిస్తుంది.

'ది ల్యారీ శాండర్స్ షో' రచయితల్లో ఒకరైన జడ్ ఆపటో, 2016లో షాండ్లింగ్ మరణించాక, ఆయన డైరీల ఆధారంగా 2018లో నాలుగు గంటలకు పైగా సాగే డాక్యుమెంటరీ తీశారు. ఆ ధారావాహిక చివరి ఎపిసోడ్ 'ఫ్లిప్' రచనకు పీటర్ టోలన్‌తో కలిసి షాండ్లింగ్‌కు టెలివిజన్ పురస్కారమైన ఎమ్మీ వచ్చింది గనుక చాలామంది దాన్నే చూడమంటారు. నేను మాత్రం ఆ పాత్రలతో ముందు పరిచయం కావాలంటాను, మొదటి సీజన్ నుంచే వరుసగా చూడమంటాను.