డిసెంబరు సెలవులు, ఉప్పునీళ్లు, మా పాంటూన్

మిషిగన్‌లో ఉండే మాలాంటి తెలుగువాళ్లకి డిసెంబరు అంటే ఇండియా ప్రయాణమే. ఏడాదంతా దాచుకున్న లీవులూ, పిల్లల సెలవులూ అందులోకే పోతాయి. ఈసారి అమ్మే మా దగ్గర ఉంది. దాంతో పిల్లలు ఎప్పటినుంచో పోరుతున్నదానికి ఒప్పుకున్నాం: సరస్సులో తిప్పుకునే పాంటూన్ పడవని ట్రైలర్ మీద ఫ్లోరిడా దాకా లాక్కెళ్లడం. "ఇక్కడికి రావడానికి దొరకని లీవు పడవ లాక్కెళ్లడానికి దొరికిందా?" అని పిన్ని ఫోన్లో అననే అంది. నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

పాంటూన్ అంటే అల్యూమినియం గొట్టాల మీద బల్లపరుపుగా పరిచిన డెక్. మాది మంచినీళ్లలో తిరిగిన పడవ. ఉప్పునీళ్లలో రోజుల తరబడి వదిలేస్తే లోహాన్ని ఉప్పు తినేస్తుంది. ఆ దెబ్బ తాము తిని గొట్టాలనీ మోటారునీ కాపాడేందుకు యానోడ్లనే లోహపు ముక్కల్ని బిగిస్తారు. మంచినీళ్లకి వాడే మెగ్నీషియంవి ఉప్పునీళ్లలో ఇట్టే అరిగిపోతాయి, అల్యూమినియంవి వెయ్యాలి. ఇదంతా మా అబ్బాయి చదివి చెప్పాడు. తెలుగు బడి హోంవర్కుకి కూర్చోమంటే మెలికలు తిరిగేవాడు, గరాజులో చలికి ముక్కు కారుతున్నా గంటలకొద్దీ బోల్టులు బిగించాడు. నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

నిజానికి ఉప్పు సముద్రం దాకా ఆగలేదు. డెట్రాయిట్ నగరం కిందే పెద్ద ఉప్పు గని ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది అలాంటి సరుకే. ఒహాయో దాటేసరికే ట్రైలర్ నిండా తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. ఐ-75 హైవే మీద పెట్రోలుకి ఆగిన ప్రతిచోటా అబ్బాయి దిగి చక్రాల హబ్బుల మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే బేరింగు పోతున్నట్టు. కెంటకీ వచ్చేసరికి చెల్లెలికీ ఆ పని అంటుకుంది. అమ్మ కారులోంచే కేకలు: "చెయ్యి కాలుతుందే పిల్లా!" టెనసీ కొండలు దిగుతున్నంతసేపూ మాలో ఎవరూ నోరెత్తలేదు.

మేం దిగింది ఫ్లోరిడాలో క్రిస్టల్ రివర్ అనే ఊళ్లో. చలికాలం పక్కనున్న గల్ఫ్ సముద్రం చల్లబడగానే మానటీలు, అంటే నీటి ఆవులు, అక్కడి ఊటల దగ్గరికి చేరతాయి. ఆ ఊటనీళ్లు ఏడాది పొడవునా 22 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. మానటీలకి ప్రొపెల్లర్ తగలకుండా చాలాచోట్ల పడవలు నత్తనడకే నడవాలి. ఫ్లోరిడాలో 1988 నుంచి పుట్టినవాళ్లు పది హార్స్‌పవర్ మోటారు గానీ అంతకు మించింది గానీ నడపాలంటే బోటింగ్ కోర్సు చేసి ఉండాలి. మాకు వయసే మినహాయింపు, మా అబ్బాయి దగ్గర ఆ కోర్సు కార్డుంది. దర్జాగా స్టీరింగ్ పట్టుకున్నాడు.

మొదటిరోజు సాయంత్రం అద్దెయింటి వెనక కాలువలో పడవని రేవు స్తంభాలకి బిగించి కట్టాడు, మా సరస్సులో కట్టినట్టే. అమ్మ పుట్టింది అంతర్వేది పక్కన. సఖినేటిపల్లి రేవులో పంటు పడవెక్కి నరసాపురం వెళ్లి చదువుకున్న మనిషి. స్తంభం మీద తడి గీత కేసి చూసి, "తాడు వదులు చెయ్యరా నాన్నా. పోటు తీసేస్తే పడవ వేలాడిపోతుంది" అంది. వాడికి ఎంత అర్థమైందో గానీ, ఆవిడ చెయ్యి చూపించిన చోటికి చూశాడు, ముడి విప్పాడు. రాత్రి టార్చి పట్టుకుని ఇద్దరూ వెళ్లి చూసొచ్చారు. నీళ్లు బాగా దిగాయట. ఆ తరవాత రోజూ నీళ్లు ఎప్పుడు తీస్తాయో ఫోన్లో చూసి వాడు చెప్పడం, గట్టు చూసి ఆవిడ చెప్పడం, ఇదే పందెం.

రోజూ పడవని పైకి లాగి, మోటారులోకి మంచినీళ్లు పట్టించి, ట్రైలర్ బ్రేకుల దాకా కడగడం మాత్రం మా ఆయనకీ నాకూ పడింది. తిరుగుదారిలో గడ్డకట్టే చలి తగలకముందే మోటారు నిలువుగా దించి లోపలి నీళ్లు కార్చేశాం.

వచ్చే డిసెంబరు ఇండియాకే, తమ్ముడి గృహప్రవేశం ఉంది. పిల్లలు సరేనన్నారు. బేరింగులు మాత్రం ఈ వేసవిలోనే మార్చేద్దామంటున్నాడు మావాడు.