బోటనీ మాస్టారి చీటీ పరీక్షలు

మన కళాశాలలో బి.జడ్.సి. (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివినవారిలో, ముఖ్యంగా తొంభైల తొలినాళ్ళలో తెలుగు మాధ్యమం తరగతుల్లో కూర్చున్నవారిలో, చీటీ పరీక్ష అనగానే కొంచెం సర్దుకుని కూర్చోనివారు ఉండరు. నోటుపుస్తకంలోంచి చింపిన సగం కాగితం, ఒకే ఒక ప్రశ్న, పది నిమిషాల వ్యవధి. మార్కులు లేవు, పేరు రాయవలసిన పని కూడా లేదు. అయినా విశ్వవిద్యాలయం వార్షిక పరీక్షల్లో కలగని బెరుకు ఆ సగం కాగితం ముందు కలిగేది. ఈ సంచికలో భవనాల గురించీ, క్రీడల గురించీ, నాటకాల గురించీ రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక నేను ఆ చీటీలకే పరిమితమవుతాను.

మేమందరం ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులతోనే వచ్చినవాళ్ళం. కాల్విన్ వలయాన్నీ క్రెబ్స్ వలయాన్నీ బాణపు గుర్తులతో సహా అప్పజెప్పగలిగేవాళ్ళం. క్షయకరణ విభజనలోని ఉపదశల పేర్లు నిద్రలో అడిగినా వరుస తప్పేవి కావు. మొదటి సంవత్సరం తరగతులు మొదలైన కొద్దిరోజులకే మా బోటనీ మాస్టారు నల్లబల్లమీద రాసిన మొదటి ప్రశ్న ఇది: ‘వేపగింజ ఒకటి నాటితే కొన్నేళ్ళకు పెద్ద మాను అవుతుంది. దాన్ని కొట్టి, తేమంతా పోయేదాకా ఎండబెట్టి తూచినా ఎన్నో క్వింటాళ్ళు తూగుతుంది. ఆ ఎండు కట్టె బరువులో ఎక్కువ భాగం ఎక్కడినుంచి వచ్చింది?’ చాలామందిమి నేలనుంచి అని రాశాం. కొందరు ఎరువు అన్నారు, కొందరు నీరన్నారు, ఒకరిద్దరు సూర్యకాంతి అని కూడా రాశారు. గాలినుంచి అని రాసినవారు బహు తక్కువ. ఆరు అణువుల కార్బన్ డయాక్సైడ్, ఆరు అణువుల నీరు కలిసి ఒక గ్లూకోజ్ అణువు అవుతుందన్న సమీకరణాన్ని అంతకు కొద్ది నెలల ముందే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మేమే. ఆ సమీకరణానికీ పెరట్లోని వేపచెట్టుకూ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తోచలేదు.

మాస్టారు చీటీలన్నీ పోగుచేసి గట్టిగా చదివేవారు తప్ప ఏది ఒప్పో వెంటనే చెప్పేవారు కాదు. ఆ రోజు మాత్రం వాన్ హెల్మాంట్ కథ చెప్పారు. బెల్జియం ప్రాంతానికి చెందిన ఆ వైద్యుడు 200 పౌండ్ల ఎండుమట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, ఐదేళ్ళపాటు నీళ్ళు మాత్రమే పోశాడు. చివరికి తూస్తే చెట్టు 169 పౌండ్ల పైచిలుకు తూగింది, మట్టిలో తగ్గింది సుమారు 2 ఔన్సులు మాత్రమే. చెట్టంతా నీటినుంచే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన మరణానంతరం 1648లో ఆ వివరాలు అచ్చయ్యాయి. విచిత్రమేమిటంటే, గ్యాస్ అన్న మాటను పుట్టించినదీ, కట్టెబొగ్గు కాలినప్పుడు వచ్చే వాయువును, అంటే మనం కార్బన్ డయాక్సైడ్ అనేదాన్ని, ప్రత్యేకంగా గుర్తించినదీ ఆయనే. జవాబు చేతిలో ఉండి కూడా దాన్ని చెట్టుకు అన్వయించలేదన్నమాట. ‘కనుక మీరు మంచి సహవాసంలోనే ఉన్నారోయ్’ అన్నారు మాస్టారు. మమ్మల్ని ఓదార్చారో దెప్పారో ఇప్పటికీ తెలియదు.

దీని తరువాతది పెసల ప్రశ్న. నాకు తెలిసినంతలో ప్రారంభ జీవశాస్త్రంలో విద్యార్థి అవగాహనను ఇంతకన్నా నిక్కచ్చిగా తూచే ప్రశ్న మరొకటి లేదు. మూడు పళ్ళేలలో సమాన బరువున్న పెసలు పోస్తాం. మొదటి పళ్ళెం నీళ్ళు లేకుండా వెలుతురులో, రెండవది తడిగుడ్డ మీద వెలుతురులో, మూడవది తడిగుడ్డ మీద చీకటి అరలో ఉంచుతాం. వెలుతురులోని మొక్కలు ఆకులు వేసి బాగా పచ్చబడేదాకా ఆగి, మూడింటినీ ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి తూస్తే బరువుల వరుస ఏమిటి? చీకట్లో మొలకలు జానెడు పొడుగు సాగి, పాలిపోయి, పళ్ళెం నిండా ఉంటాయి కనుక అవి ఎండుగింజలకన్నా ఎక్కువే తూగుతాయని దాదాపు తరగతి అంతా రాసింది. ప్రయోగశాలలో చేసి చూస్తే అన్నిటికన్నా తక్కువ తూగినవి అవే. పత్రహరితం లేని ఆ మొలక గింజలో నిలవ ఉన్న పిండిపదార్థాన్ని శ్వాసక్రియలో ఖర్చుచేస్తూ పెరిగింది. తిరిగి సంపాదించుకునే దారి దానికి లేదు.

తరిగిన బరువు ఏమైందని అడిగితే వచ్చిన జవాబు మరింత ఆసక్తికరం. ‘శక్తిగా మారిపోయింది సార్’ అని చాలా ధీమాగా చెప్పాం. శ్వాసక్రియ అంటే శక్తి విడుదల అని కంఠతా వచ్చినవారి నోటినుంచి సహజంగా వచ్చే మాట అది. కానీ రసాయన చర్యలో పరమాణువులు మాయం కావు. గింజలోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసింది, హైడ్రోజన్ నీరైంది; విడుదలైన శక్తికి తూకానికి అందే బరువు లేదు. చాలా ఏళ్ళ తరువాత, 2014లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం చదివినప్పుడు నాకు ఈ తరగతే గుర్తుకు వచ్చింది. మనిషి ఒంట్లో 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు ఊపిరి ద్వారా కార్బన్ డయాక్సైడ్‌గానూ, 1.6 కిలోలు నీరుగానూ బయటికి పోతాయని అందులో లెక్కగట్టారు. కొవ్వు ఎటు పోతుందని వైద్యులనూ, ఆహార నిపుణులనూ, వ్యాయామ శిక్షకులనూ అడిగితే ఎక్కువమంది శక్తిగా మారిపోతుందనే చెప్పారట. మా తరగతికి అంత గొప్ప తోడు దొరికినందుకు సంతోషించాను.

చింతచెట్టు కింద రాత్రిపూట పడుకోకూడదన్న పెద్దల మాట కూడా ఒక చీటీకి వస్తువైంది. మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయని నూటికి తొంభైమందిమి నమ్మేవాళ్ళం. పగలు కూడా శ్వాసక్రియ జరుగుతూనే ఉంటుందనీ, కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోవడంవల్ల బయటికి తెలియదనీ ఒప్పుకోవడానికి మాకు పెద్దగా సమయం పట్టలేదు.

రెండో సంవత్సరంలో చీటీకి రెండు భాగాలు వచ్చాయి: మొదటి వరుసలో జవాబు, రెండో వరుసలో కారణం. గాజుగ్లాసు నీళ్ళలో పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి వేశారు. నీరంతా ఒకే రంగుకు వచ్చిన తరువాత ఆ అణువులు కదులుతున్నాయా, ఆగిపోయాయా? కదులుతున్నాయని సరిగ్గా రాసినవారు కొందరున్నారు. రెండో వరుసలో వారు ఇచ్చిన కారణం ‘ఇంకా ఎక్కడో గాఢత తక్కువగా ఉండి ఉంటుంది, అక్కడికి వెళుతున్నాయి’ అని. అంటే అణువులకు వెళ్ళవలసిన చోటు ముందే తెలుసునని వారి నమ్మకం. ఏ అణువుకూ గమ్యం లేదు. ఉష్ణోగ్రత ఉన్నంతకాలం అన్నివైపులా కదులుతూనే ఉంటుంది. ఎక్కువ ఉన్నచోటినుంచి ఎక్కువ బయలుదేరుతాయి కనుక మొత్తం మీద ప్రవాహం అటునుంచి ఇటు కనిపిస్తుంది. ఈ సంగతి పట్టుబడినవారికి మాగాయ ముక్కలకు ఊట ఎందుకు వస్తుందో, సూక్ష్మదర్శిని కింద రియో అనే ఊదారంగు ఆకుల మొక్క ఆకు పొరమీద ఉప్పునీళ్ళు పడితే ఊదారంగు ఎందుకు కుంచించుకుపోతుందో వేరుగా నేర్పనక్కరలేకపోయింది. జవాబును మాత్రమే దిద్ది ఉంటే ఈ లోపం ఏ మార్కుల జాబితాలోనూ కనపడేది కాదు.

నేను ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చాక తెలిసిందేమిటంటే, అదే కాలంలో అమెరికాలో ఈ పద్ధతి మీద గట్టి కృషి జరుగుతోంది. 1992లో భౌతికశాస్త్ర అధ్యాపకులు బలం, చలనం అనే భావనల మీద ఒక పరీక్ష ప్రకటించారు. 1995లో వ్యాపనం (గ్లాసులో రంగు పరచుకున్నట్టు అణువులు పరచుకోవడం), ద్రవాభిసరణల (పొరగుండా నీరు కదలడం) మీద జవాబూ కారణమూ రెండూ అడిగే పరీక్ష వచ్చింది. 2002లో ప్రకృతి వరణం (పరిస్థితులకు తట్టుకోగలవే మిగిలి సంతతిని పెంచుకోవడం) మీద 20 ప్రశ్నలతో, 2008లో జన్యుశాస్త్రం మీద 25 ప్రశ్నలతో పరీక్షలు వెలువడ్డాయి. వీటి ప్రత్యేకత తప్పు జవాబుల్లో ఉంది. పరీక్షకుడు కుర్చీలో కూర్చుని తప్పు జవాబులను ఊహించడు. విద్యార్థులు నిజంగా ఏమనుకుంటున్నారో వారిని అడిగి తెలుసుకుని, వారి మాటలనే ఎంపికలుగా పెడతాడు. ఎంసెట్ బిట్లకూ వీటికీ ఉన్న తేడా ఇదే. మన మాస్టారు పాత బ్యాచ్‌ల చీటీలను కట్టలు కట్టి బోటనీ విభాగం బీరువాలో దాచింది ఇందుకే. మాకు ఇచ్చిన ఎంపికల్లోని తప్పులు మా సీనియర్లవి.

పచ్చపురుగు ప్రశ్నలో ఆ సంగతి మాకు బాగా తెలిసింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో ఎన్ని మందులు కొట్టినా పచ్చపురుగు చావక రైతులు చితికిపోయిన సంగతి మా ఇళ్ళలో అందరికీ అనుభవమే. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ఎందుకు పనిచేయలేదన్నది ప్రశ్న. ఇచ్చిన ఎంపికలు: (1) మందు తగలగా తగలగా ఒక్కో పురుగుకూ ఒంట్లో తట్టుకునే శక్తి పెరిగింది; (2) బతకవలసిన అవసరం కొద్దీ పురుగులు తమ జన్యువులను మార్చుకున్నాయి; (3) తట్టుకోగల కొద్దిపాటి పురుగులు ముందునుంచే ఉన్నాయి, మిగిలినవి చావగా వీటి సంతతే చేను నిండింది; (4) మందు కల్తీది. సరైనది మూడోది, కానీ మొదటిదానికే ఎక్కువ చేతులు లేచాయి. పత్తి వేసి నష్టపోయిన కుటుంబంనుంచి వచ్చిన మిత్రుడొకడు నాలుగోదానిమీద పట్టుబట్టాడు, పైగా ఆ రోజుల్లో అది పూర్తిగా కొట్టిపారేయదగిన మాట కూడా కాదు. మాస్టారు అతణ్ణి తప్పుపట్టకుండా, మందు కల్తీదో పురుగు మారిందో తేల్చడానికి ఏం చేయాలో నువ్వే చెప్పమన్నారు. చాలాసేపటి తర్జనభర్జన తరువాత జవాబు తరగతిలోనే పుట్టింది: ఎన్నడూ మందు కొట్టని చోటినుంచి పురుగులను తెచ్చి అదే డబ్బాలోని మందును అదే మోతాదులో రెండు రకాల పురుగులమీదా వేసి చూడాలి. నిరోధకతను శాస్త్రజ్ఞులు కొలిచే తీరు కూడా మౌలికంగా ఇదే. ప్రకృతి వరణం మీద నేను చదివిన వ్యాసరూప సమాధానాలన్నిటికన్నా ఆ గంట నాకు ఎక్కువ నేర్పింది.

జువాలజీ మేడమ్ కూడా ఈ పద్ధతిని తమ విషయానికి తెచ్చారు. ప్రాక్టికల్స్‌లో మా వేళ్ళు గుచ్చి రక్తపు గ్రూపులు తేల్చిన రోజున, ‘ఓ’ (O) గ్రూపు వారే తరగతిలో ఎక్కువగా తేలారు. ‘ఓ’ గ్రూపు లక్షణం అంతర్గతం (తల్లి, తండ్రి ఇద్దరినుంచీ వస్తేనే బయటపడేది) కదా, మరి ఇంతమందికి ఎలా వచ్చిందని అడిగారు. బహిర్గత లక్షణమంటే ఎక్కువమందిలో ఉండేదనే మా భావన అక్కడ బయటపడింది. ఒక యుగ్మ వికల్పకం (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల్లో ఒకటి) మరొకదాన్ని కప్పిపుచ్చడం వేరు, జనాభాలో అది ఎంత విరివిగా ఉన్నదన్నది వేరు. 3:1 నిష్పత్తి మీద ఆవిడ ఇచ్చిన చీటీ ఇంకా కఠినమైనది. మెండెల్‌కు బఠాణీ మొక్కల రెండో తరంలో 787 పొడుగు మొక్కలూ 277 పొట్టి మొక్కలూ వచ్చాయి; సరిగ్గా మూడింతలు ఎందుకు రాలేదు? లెక్కలో పొరపాటనీ, పరాయి పుప్పొడి కలిసిందనీ రాశాం. వెంటనే రెండో ప్రశ్న: తల్లీ తండ్రీ ఇద్దరూ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకులు (తమకు వ్యాధి లేకున్నా దాని జన్యువు ఉన్నవారు), మొదటి ముగ్గురు బిడ్డలూ ఆరోగ్యంగా పుట్టారు, నాలుగో బిడ్డ సంగతి ఏమిటి? నాలుగో బిడ్డకు వ్యాధి తప్పదని రాసినవారికి 3:1 కంఠతా వచ్చినట్టే కానీ అర్థమైనట్టు కాదు. ప్రతి గర్భంలోనూ అవకాశం 25 శాతమే. ముందు పుట్టినవారి లెక్క తరువాతి బిడ్డకు అంటదు. మెండెల్ మొక్కల్లోనూ 3:1 అన్నది అవకాశమే కనుక సరిగ్గా మూడింతలు రావలసిన పనిలేదు. మా సహాధ్యాయిని ఒకామె మన్యం ప్రాంతంలో ఆరోగ్యశాఖలో పనిచేస్తున్నది. 2023లో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైన తరువాత దంపతులకు ఆమె రోజూ విడమరచి చెప్పేది ఈ రెండో చీటీ జవాబునే.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. ఒక్కో చీటీ ఒక తరగతిని మింగేసేది. సిలబస్ వెనకబడి, చివరి యూనిట్లు అదనపు తరగతుల్లో పరుగున సాగేవి. వార్షిక పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాదు కనుక ఇదంతా వృథా అని మాలో కొందరు బాహాటంగానే అనేవారు, వారి మాటలో న్యాయం కూడా ఉంది. కంఠస్థం పనికిరాదని వాదించేవారితో మాత్రం నేను ఏకీభవించను. యుగ్మ వికల్పకం అన్న పేరు నోటికి రాని విద్యార్థితో అంతర్గతత్వం గురించి చర్చ సాగదు. మాస్టారు కూడా సాంకేతిక పదాలను విడిగా, నిర్దాక్షిణ్యంగా అప్పజెప్పించుకునేవారు.

అసలు చిక్కు మరొకచోట వచ్చింది. మేము మూడో సంవత్సరానికి వచ్చేసరికి చీటీ ప్రశ్నలూ జవాబులూ హాస్టల్లో ఒక నోటుపుస్తకంలోకి ఎక్కి జూనియర్ల చేతుల్లోకి వెళ్ళాయి. ఆ ఏడు వేపచెట్టు ప్రశ్నకు తరగతి మొత్తం ‘గాలిలోని కార్బన్ డయాక్సైడ్’ అని ఒకే వాక్యంలో, ఒకే అక్షరదోషంతో రాసింది. అవగాహనను కొలవడానికి పుట్టిన ప్రశ్న జవాబు తెలిసిపోగానే మరో కంఠస్థపు బిట్ అయిపోయింది. మాస్టారు కోప్పడలేదు. మరుసటి వారం పుట్టగొడుగుల పెంపకందారు వాడే వరిగడ్డి సంచిని తరగతికి తెచ్చి బల్లమీద పెట్టారు. ఈ గడ్డిమీద కిలోలకొద్దీ పుట్టగొడుగులు కోశాక సంచిలో మిగిలిన గడ్డినీ, కోసిన పుట్టగొడుగులనూ పూర్తిగా ఎండబెట్టి కలిపి తూస్తే మొదట వేసిన ఎండుగడ్డి బరువుకు సమానంగా వస్తుందా, ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా, ఎందుకని అడిగి, సగం కాగితాలు చింపమన్నారు.