మార్సెలినో ఫెర్డినాన్‌కు ఆడే నిమిషాలే కరువు

ఇండోనేషియా మిడ్‌ఫీల్డర్ మార్సెలినో ఫెర్డినాన్ పేరెత్తితే అందరూ సౌదీ అరేబియా మ్యాచ్ దగ్గరే ఆగుతారు. ఆగాల్సిన మ్యాచే అది. 2024 నవంబర్ 19న జకార్తాలోని గెలోరా బుంగ్ కార్నోలో ప్రపంచకప్ క్వాలిఫయర్. నాలుగు రోజుల ముందే అదే మైదానంలో జపాన్ చేతిలో 0-4తో ఓడిన జట్టు, సౌదీని 2-0తో ఓడించింది. రెండు గోల్స్ మార్సెలినోవే. మొదటిది 32వ నిమిషంలో, రాగ్నార్ ఒరాట్‌మాంగున్ అందించిన బంతికి. రెండోది 57వ నిమిషంలో. డిఫెండర్ అడ్డుకోగా వెనక్కి వచ్చిన బంతిని కంగారు పడకుండా గోల్‌కీపర్ మీదుగా ఎత్తి వేశాడు. అప్పటికి వయసు 20.

అన్నట్టు, 1962 ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన భారత జట్టు స్వర్ణం గెలిచిందీ ఈ స్టేడియంలోనే. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం.

సౌదీ మీద అలా ఆడిన కుర్రాడికి అప్పటికి ఇంగ్లండ్‌లోని తన క్లబ్ ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ సీనియర్ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఇండోనేషియా అభిమానులు దీన్ని కోచ్‌ల అన్యాయంగా చూస్తారు. ఇంకొందరు కుర్రాడికి అంత స్థాయి లేదంటారు. నా లెక్కలో ఈ రెండింటికన్నా ఎక్కువ పని చేసినవి నిబంధనలు, క్యాలెండర్.

మార్సెలినో 2004 సెప్టెంబర్ 9న జకార్తాలో పుట్టాడు. ఆట నేర్చింది సురబయలో. పెర్సెబయ క్లబ్ కోచ్ అజి సాంతోసో 2021లో అతణ్ని సీనియర్ లీగ్‌లోకి దించాడు. 2022 జనవరిలో తైమూర్ లెస్తె మీద జాతీయ జట్టులోకి వచ్చేనాటికి వయసు 17. జాతీయ జట్టు అప్పటి కోచ్ షిన్ తే-యాంగ్‌కు అతనిలో నచ్చినవి మ్యాచ్ చూస్తే తెలిసిపోతాయి. బంతి అందుకునేటప్పుడే ఒళ్లు సగం తిప్పి ఉంచుతాడు కాబట్టి మొదటి టచ్‌కే ముఖం గోల్ వైపు ఉంటుంది. దాడి మొదలైనప్పుడు వెనక ఉండి, క్రాస్ వచ్చే క్షణానికి పెనాల్టీ ఏరియాలో తేలతాడు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఇరాక్ మీద కొట్టిన గోల్ అలాంటిదే. లోపమూ అంతే స్పష్టం. సులువైన పాస్ ఉన్నా బంతిని ఒక టచ్ ఎక్కువ పట్టుకుంటాడు. షిన్ జట్టులో వెనక ఐదుగురు డిఫెండర్లు ఉండేవారు కాబట్టి బంతి పోయినా నష్టం తక్కువ. ఇంగ్లిష్ రెండో డివిజన్‌లో మిడ్‌ఫీల్డ్‌లో పోయిన బంతి నాలుగు సెకన్లలో మన గోల్ ముందుంటుంది. ఈ అలవాటు శిక్షణలో పోయేది కాదు, మ్యాచ్‌ల్లోనే పోతుంది.

అతను యూరప్ వెళ్లిన తేదీ చూడండి. ఫిఫా నిబంధనల్లో 19వ ఆర్టికల్ ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 18 నిండని ఆటగాడు దేశం దాటి క్లబ్ మారకూడదు. మార్సెలినోకు 2022 సెప్టెంబర్‌లో 18 నిండాయి. ఆ తర్వాత వచ్చిన మొదటి జనవరి బదిలీల గడువులోనే బెల్జియం రెండో డివిజన్ క్లబ్ డైంజ తీసుకుంది. బెల్జియంలో ఇంకో మెలిక ఉంది. యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాడికి చట్టప్రకారం స్థానికుడికన్నా బాగా ఎక్కువ కనీస జీతం ఇవ్వాలి. చిన్న క్లబ్‌కు అది పెద్ద మొత్తం. అంత ఇచ్చి తెచ్చిన 18 ఏళ్ల పిల్లాడు వెంటనే ఫలితం చూపాలి, లేకపోతే అంతకన్నా తక్కువకే దొరికే స్థానికుడు ఆ చోట ఆడతాడు. డైంజలో అతనికి దక్కిన మ్యాచ్‌లు బాగా తక్కువ. ఆ క్లబ్ 2024 డిసెంబర్‌లో దివాలా తీసింది. అప్పటికే ఇతను బయటపడ్డాడు.

ఇక క్యాలెండర్. ఫిఫా జాతీయ జట్ల మ్యాచ్‌లకని ఖరారు చేసిన రోజులకూ (అంతర్జాతీయ విండోలకూ), ఆసియా కప్‌కూ ఆటగాణ్ని క్లబ్ పంపి తీరాలి. సీ గేమ్స్ (ఆగ్నేయాసియా క్రీడలు), అండర్-23 ఆసియా కప్, ఆసియాన్ ఛాంపియన్‌షిప్‌లకు ఆ బాధ్యత లేదు. క్లబ్ ఇష్టపడితేనే పంపుతుంది. మార్సెలినో అన్నిటికీ వెళ్లాడు. 2023 మేలో కంబోడియాలో సీ గేమ్స్ స్వర్ణం, ఇండోనేషియాకు 32 ఏళ్ల తర్వాత. 2024 ఏప్రిల్‌లో ఖతార్‌లో అండర్-23 ఆసియా కప్ సెమీస్ దాకా. మే 9న ఒలింపిక్స్ బెర్తు కోసం గినీతో ఆడి 0-1తో ఓటమి. డిసెంబర్‌లో మళ్లీ ఆసియాన్ ఛాంపియన్‌షిప్. అక్కడ సోలోలో లావోస్‌తో 3-3 మ్యాచ్‌లో రెడ్ కార్డ్ పడింది, జట్టు గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది.

దేశం పిలిస్తే వెళ్లడం తప్పని ఎవరూ అనలేరు. కానీ డిసెంబర్ అంటే ఇంగ్లండ్‌లో మూడు నాలుగు రోజులకో మ్యాచ్ ఉండే సమయం. జట్టులో గాయాలు పెరుగుతాయి, బెంచీ మీది కుర్రాళ్లకు చోటు దొరికేది అప్పుడే. దానికితోడు ఆక్స్‌ఫర్డ్ కోచ్ డెస్ బకింగ్‌హామ్‌ను సరిగ్గా ఆ డిసెంబర్‌లోనే తీసేసి గ్యారీ రోవెట్‌ను తెచ్చారు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) చూసేవాళ్లకు బకింగ్‌హామ్ తెలుసు, ముంబై సిటీకి 2022-23 లీగ్ షీల్డ్ గెలిపించిన కోచ్. కొత్త కోచ్ తొలి వారాల్లో ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లను బట్టే జట్టు కడతాడు. మార్సెలినోకు తొలి మ్యాచ్ 2025 జనవరి 11న, ఎఫ్‌ఏ కప్‌లో ఎక్సెటర్‌పై, అదీ సబ్‌స్టిట్యూట్‌గా.

విండో మ్యాచ్‌లు కూడా ఉచితం కావు. సౌదీ మ్యాచ్ మంగళవారం రాత్రి ముగిసింది. అక్కణ్నుంచి ఇంగ్లండ్‌కు పదిహేను గంటలు దాటే ప్రయాణం, ఏడు గంటల టైమ్ తేడా. గురువారానికి నిద్ర కుదరదు, శుక్రవారం జట్టు వ్యూహం తయారవుతుంది, శనివారం మ్యాచ్. ఖాయంగా ఆడే వాడికైతే కోచ్ సర్దుకుంటాడు, అంచున ఉన్నవాడి పేరు జాబితాలోంచి జారిపోతుంది.

అసలు ఇంగ్లండ్ అనుమతే కష్టం. వర్క్ పర్మిట్‌కు ముందు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం కావాలి, దానికి 15 పాయింట్లు రావాలి. జాతీయ జట్టు మ్యాచ్‌లకు పాయింట్లు దక్కాలంటే ఆ దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో తొలి 50లో ఉండాలి. ఇండోనేషియా అప్పుడు 130 చుట్టుపక్కల. బెల్జియం రెండో డివిజన్‌లో కొద్ది మ్యాచ్‌లకు వచ్చేదీ అంతంతే. ఇలాంటివాళ్ల కోసం 2023లో ప్రత్యేక కోటా తెచ్చారు. ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్ (రెండో డివిజన్) క్లబ్బులకు గరిష్ఠంగా 4, కింది రెండు డివిజన్లకు 2. స్వదేశీ ఆటగాళ్లకు ఎన్ని నిమిషాలు ఇచ్చారన్న దాన్ని బట్టి ఆ సంఖ్య తగ్గుతుంది. ఆక్స్‌ఫర్డ్ 2024 మేలో ఛాంపియన్‌షిప్‌కు ఎక్కింది, ఆగస్టులో మార్సెలినో వచ్చాడు. యజమానుల్లో ఎరిక్ తోహిర్, అనిందియా బక్రీ వంటి ఇండోనేషియన్లు ఉండటం దారి తెరిచి ఉంటుందన్నది నా అభిప్రాయం. తలుపు తీసిన పరిచయం టీమ్ షీట్ మీద పేరు రాయించలేదు.

మన దగ్గర ఎవరూ మాట్లాడని డబ్బు లెక్క ఒకటుంది. కాంట్రాక్టు మధ్యలో ఫీజుకు ఆటగాడు దేశం దాటితే అందులో 5 శాతం అతణ్ని పెంచిన క్లబ్బులకు వెళ్లాలి. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఒక్కో ఏడాదికి ఫీజులో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఒక్కో ఏడాదికి 0.5 శాతం. పది లక్షల యూరోల బదిలీ అయితే, 16 నుంచి 18 దాకా మూడేళ్లు పెంచిన క్లబ్‌కు 15,000 యూరోలు. కాంట్రాక్టు ముగిసి ఫీజు లేకుండా వెళ్తే ఇందులో పైసా రాదు. ఎక్కువసార్లు డబ్బు పోయేది రికార్డు లేకే. పిల్లాడు ఏ సీజన్‌లో ఏ క్లబ్‌కు నమోదయ్యాడో ఫెడరేషన్ కంప్యూటర్‌లో లేకపోతే అతని ‘ప్లేయర్ పాస్‌పోర్టు’లో, అంటే ఆడిన క్లబ్బుల రికార్డులో, ఆ క్లబ్ పేరే ఉండదు. 2022 నవంబర్ నుంచి ఫిఫా క్లియరింగ్ హౌస్ ఈ చెల్లింపులు చూస్తోంది, కానీ అదీ నమోదు ఉన్నవాళ్లకే పంచుతుంది. తెలంగాణ, ఆంధ్ర అకాడమీలు నడిపేవాళ్లు పన్నెండో ఏటి నుంచే ప్రతి పిల్లాడినీ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో ఎక్కించాలి, ఏటా సరిచూసుకోవాలి.

2025 సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ అతణ్ని స్లొవాకియా క్లబ్ ట్రెంచీన్‌కు లోన్‌పై, అంటే కొంతకాలానికి అరువుగా, పంపింది. కిందికి దిగాడని బాధపడినవాళ్లున్నారు. నాకైతే అతని కెరీర్‌లో తీసుకున్న తెలివైన అడుగు ఇదే అనిపించింది. అది పన్నెండు జట్ల లీగ్, కుర్రాళ్లను ఆడించి అమ్మడమే ట్రెంచీన్ బతుకుతెరువు. నైజీరియా వింగర్ మోజెస్ సైమన్ అక్కణ్నుంచే గెంట్‌కు వెళ్లాడు. నాపోలిలో లీగ్ టైటిల్ గెలిచిన లొబొట్కా కూడా ట్రెంచీన్‌లో ఆడినవాడే. ఇలాంటి లోన్‌లో చూడాల్సింది గోల్స్ లెక్క కాదు. వరుసగా ఎన్ని మ్యాచ్‌ల్లో మొదటి పదకొండులో ఉన్నాడు, 60వ నిమిషం తర్వాత మైదానంలో ఉంచుతున్నారా, బంతి పోగొట్టుకున్న తర్వాత కూడా కోచ్ తర్వాతి మ్యాచ్‌లో దించుతున్నాడా అన్నవి చూడాలి.