లాటరీలో రాని పేరు

హనుమకొండలో మా అన్నయ్య కూతురికి ఒకటో తరగతి సీటు కోసం కేంద్రీయ విద్యాలయానికి దరఖాస్తు చేశాం. ఆన్‌లైన్ లాటరీలో పేరు రాలేదని తెలిసిన రాత్రి వదిన అన్నం ముట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను పరీక్షించి చేర్చుకోవద్దంది కనుక లాటరీయే న్యాయమని నమ్ముతాను, కానీ ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

అమెరికాలో లాటరీతో చేర్చుకునే చార్టర్ పాఠశాలలున్నాయి; అవి ప్రభుత్వ నిధులతో, కానీ స్వతంత్రంగా నడిచే బడులు. న్యూయార్క్‌లో వాటిని పరిశీలించినవారు, తరగతి పరిమాణం, తలసరి ఖర్చుల కన్నా, ఉపాధ్యాయులకు తరచూ అందే సలహా, చిన్న బృందాల్లో బోధన, అదనపు బోధనా సమయం వంటివే మంచి ఫలితాలతో ముడిపడి ఉన్నాయని గుర్తించారు. పాప ఇప్పుడు చదువుతున్న సర్కారు బడిలో టీచరమ్మ సాయంత్రం అరగంట ఆగి, చదవలేని నలుగురిని పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దిస్తారు. నిన్న పాప వదినకు ఒక పాఠమంతా చదివి వినిపించింది.